చలికాలం గుజరాత్ పక్షుల ట్రిప్: రణ్, గడ్డి మైదానం, సరస్సు. విజయవాడ నుంచి ఎలా ప్లాన్ చేయాలి?

బెంజ్‌సర్కిల్_బైనాక్ · నవంబర్ 16, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో పక్షుల పిచ్చి ఉన్నవాళ్లం కొందరం ఈ సంక్రాంతి సెలవుల్లో గుజరాత్ వెళ్దామనుకుంటున్నాం. ఇప్పటిదాకా కొల్లేరు, ఉప్పలపాడు, నేలపట్టు తప్ప ఇంకేమీ చూడలేదు. ఎడారి పక్షులంటే ఫొటోల్లో చూసినవే.

అనుకున్న లిస్టు: లిటిల్ రణ్ ఆఫ్ కచ్, నల్ సరోవర్, వేలావదర్, జామ్‌నగర్ దగ్గర ఖిజడియా, భుజ్ వైపు బన్ని గడ్డి మైదానం, నలియా. సెలవులు వారం దాటవు. ఏ వరుసలో వెళ్లాలి? రైలా, ఫ్లైటా? పదేళ్ల పాప కూడా వస్తోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మిర్చియార్డ్_గుంటూరు · నవంబర్ 16, రాత్రి 10:05

అన్నా, ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. ఇంట్లో ఉన్నది చూడకుండా అంత దూరం ఎందుకు? గుంటూరు నుంచి ఉప్పలపాడు పట్టుమని పది కిలోమీటర్లు లేదు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులోనే. సూర్యలంక, నిజాంపట్నం వైపు బురద నేలల్లో చలికాలం ఎన్ని ఉల్లంకులు (బురదలో తిరిగే పిట్టలు) దిగుతాయో ఎప్పుడైనా చూశారా? ఆ డబ్బుతో మన దగ్గరే నాలుగు చలికాలాలు తిరగొచ్చు.

బెంజ్‌సర్కిల్_బైనాక్ · నవంబర్ 16, రాత్రి 10:11

నిజమే అన్నా, కానీ మన దగ్గర ఎడారి లేదు కదా 🙂

తెనాలి_తీతువు · నవంబర్ 17, ఉదయం 6:20

బైనాక్ గారూ, ముందు మీ లిస్టులో సగం కొట్టేయండి. నలియా నుంచి వేలావదర్ దాకా అంటే గుజరాత్‌ను ఆ మూల నుంచి ఈ మూలకు ఈడ్చినట్టే. వారంలో పూర్తి చేయొచ్చు, కానీ కారు కిటికీలోంచి హైవేలు మాత్రమే చూస్తారు. మా బాచ్‌లో ఒకరు అలాగే వెళ్లి, తిరిగొచ్చాక ధాబాల పేర్లు బాగా చెప్పారు.

దీన్ని రెండు చుట్లుగా విడగొట్టండి. మొదటిది అహ్మదాబాద్ చుట్టూ ఉన్నది: లిటిల్ రణ్, నల్ సరోవర్, వేలావదర్. ఉప్పు ఎడారి, మంచినీళ్ల సరస్సు, గడ్డి మైదానం మూడూ ఇందులోనే వచ్చేస్తాయి. రెండోది కచ్, జామ్‌నగర్. అది ఇంకో ఏడాదికి ఉంచుకోండి. పాప ఉందన్నారు కాబట్టి మొదటిదే నయం.

లిటిల్ రణ్ అంటే ఇసుక దిబ్బలు ఊహించుకోకండి. వానాకాలంలో బనాస్, రూపెన్ లాంటి నదుల నీళ్లు ఒకవైపు నుంచి, కచ్ సింధుశాఖ నుంచి సముద్రపు నీళ్లు ఇంకోవైపు నుంచి వచ్చి అంతా మునుగుతుంది. చలికాలానికి ఎండి, పగుళ్లిచ్చిన బురద చదునుగా, కనుచూపు మేర ఏమీ లేకుండా ఉంటుంది. మధ్యమధ్యలో కాస్త ఎత్తుగా ఉండే చోట్లను బేట్‌లు అంటారు. గడ్డి మొలిచేది అక్కడే, అడవి గాడిదలు మేసేదీ అక్కడే. అడవి గాడిదల అభయారణ్యం 4,954 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో సగానికి కాస్త తక్కువ. అంత చోట హౌబారా అనే, నేల మీద తిరిగే పెద్ద పక్షిని వెతకాలంటే జీపు నడిపే స్థానికుడి కన్ను తప్ప వేరే దారి లేదు. దసాడా, జైనాబాద్, బజానా ఊళ్లలో ఎక్కడైనా దిగొచ్చు.

అక్కడ చూడాల్సినవి: హౌబారా (మెక్వీన్స్ బస్టర్డ్), పగలు పొదల్లో నిద్రపోయే పాలిడ్ స్కాప్స్ గుడ్లగూబ, గడ్డిలో దాక్కునే పొట్టిచెవుల గుడ్లగూబ, సాండ్‌గ్రౌస్‌లు, నీళ్లున్న చోట రాజహంసలు (ఫ్లెమింగోలు), క్రేన్‌లు. అదృష్టం బాగుంటే సోషియబుల్ ల్యాప్‌వింగ్ కూడా దొరకొచ్చు. మన తీతువు పిట్టకు చుట్టమే. కజకిస్తాన్ వైపు గూళ్లు కట్టి చలికాలం ఇటు వస్తుంది. ప్రపంచంలోనే బాగా తగ్గిపోయిన పక్షి.

కానీ నా మాట అడిగితే, ఎక్కువ సమయం వేలావదర్‌కు ఇవ్వండి. అందరూ కృష్ణజింకల ఫొటో తీసుకుని మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. అసలు సంగతి సాయంత్రం మొదలవుతుంది. మధ్య ఆసియా నుంచి వచ్చిన పిల్లిగద్దలు, అంటే హారియర్‌లు, రోజంతా చుట్టుపక్కల పొలాల్లో వేటాడి, పొద్దు వాలే వేళకు ఆ గడ్డిలోకి దిగుతాయి. చెట్టెక్కవు, నేల మీదే పడుకుంటాయి. ప్రపంచంలో హారియర్‌లు రాత్రి బసకు గుంపుగా చేరే అతిపెద్ద చోట్లలో అదొకటి. పార్కు చిన్నదే, 34 చదరపు కిలోమీటర్లు. 1976లో జాతీయ పార్కు చేశారు. అంతకుముందు భావనగర్ రాజుల గడ్డి భూమి, చీతాలతో జింకలను వేటాడించేవారట.

నల్లరేగడి · నవంబర్ 17, ఉదయం 7:48

మేడమ్, బూడిదరంగులో ఉండి రెక్కల చివర నల్లగా, నేలకు ఆనుకున్నట్టు ఎగిరే గద్దేనా? మాది సత్తెనపల్లి వైపు. డిసెంబర్, జనవరి నెలల్లో శనగ చేల మీద తిరుగుతుంటుంది. పది అడుగుల ఎత్తు కూడా లేవదు. అది కజకిస్తాన్ నుంచి వచ్చిందంటే మా నాన్న నమ్మరు.

తెనాలి_తీతువు · నవంబర్ 17, ఉదయం 8:15

అదే బాబూ. బూడిదరంగుది మగది. ఆడవి, పిల్లలు గోధుమరంగులో, తోక మొదట్లో తెల్ల మచ్చతో ఉంటాయి. పాలిడ్, మాంటెగ్యూ అనే రెండు హారియర్ జాతుల్లో ఏదో రెక్క చూస్తేగానీ చెప్పలేం. మాంటెగ్యూ మగదానికి రెక్క మీద నల్లని గీత ఒకటి అడ్డంగా పోతుంది.

వేలావదర్ చుట్టూ ఉన్నవి కూడా పత్తి చేలే. హారియర్‌లు తినేదాంట్లో మిడతలే ఎక్కువ. కూలి అడగకుండా పనిచేసే కాపలాదారులు. పురుగు మందు కొట్టిన చేలో చచ్చిన మిడతను తింటే మటుకు ఆ మందు వాటికీ ఎక్కుతుంది.

నల్లరేగడి · నవంబర్ 17, ఉదయం 8:31

మా దగ్గర పత్తికి ఎన్నిసార్లు మందు కొడతామో చెప్తే మీరు బాధపడతారు. వదిలేయండి.

కైకలూరు_గట్టు · నవంబర్ 17, మధ్యాహ్నం 1:10

నల్ సరోవర్ గురించి నేను చెప్తాను, మాది కొల్లేటి ఒడ్డు కాబట్టి నీళ్ల సంగతి కాస్త తెలుసు. 120 చదరపు కిలోమీటర్ల పల్లపు సరస్సు, 2012లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి వచ్చింది (మన కొల్లేరు 2002లోనే వచ్చింది, ఆ తర్వాత మనం దాన్ని ఎలా చూసుకున్నామో అందరికీ తెలుసు). లోతు తక్కువ. పడవవాళ్లు గెడతో తోస్తారు. తెల్లారకముందే రేవుకు చేరండి. ఎనిమిది దాటాక జనం, పల్లీలు, పాటలు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆ ఏడు వాన ఎంత పడిందో చూసుకుని వెళ్లండి. వానలు దంచికొట్టిన ఏడు ప్రతి కుంటా నిండి ఉంటుంది, పక్షులు ఎక్కడికక్కడ విడిపోతాయి. సరస్సు మధ్యలో నీళ్లు లోతయితే రాజహంసకు కాలు ఆనదు. వాన మామూలుగా పడిన ఏడే నల్ సరోవర్ బాగుంటుంది. కొల్లేరులోనూ ఇంతే. నీళ్లెక్కువుంటే పక్షులెక్కువుంటాయని బస్సు దిగిన ప్రతివాడూ అనుకుంటాడు.

మిర్చియార్డ్_గుంటూరు · నవంబర్ 17, మధ్యాహ్నం 1:34

చూశారా, చివరికి అందరూ కొల్లేటికే వచ్చారు 😄

ప్రకాశం_బ్యారేజి_క్లిక్స్ · నవంబర్ 18, రాత్రి 8:50

బ్రదర్, నలియా మాత్రం లిస్టులోంచి తీయొద్దు. అక్కడి బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇంకొన్నేళ్లకు ఉంటుందో ఉండదో. ఉన్నప్పుడే ఒక ఫ్రేమ్ పెట్టుకోవాలి కదా. ఎవరి దగ్గరైనా లొకేషన్ ఉంటే మెసేజ్ చేయండి.

తెనాలి_తీతువు · నవంబర్ 18, రాత్రి 9:25

> ఉన్నప్పుడే ఒక ఫ్రేమ్ పెట్టుకోవాలి కదా

ఈ మాటకు నేను ఒప్పుకోను. దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయంటున్నారు, వాటిలో ఎక్కువ రాజస్థాన్ జైసల్మేర్ వైపే. కచ్‌లో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఆడపక్షులు. పదిహేను కిలోల దాకా తూగే పక్షి. ఎదురుగా ఉన్నదాన్ని సరిగా చూడలేదు, అందుకే కరెంటు తీగలకు తగిలి చస్తుంది. అలాంటిదాని వెనక జీపులేసుకుని తిరిగితే మనం చూసేది దాని పరుగునే.

పక్షులు చూసినవాళ్లు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా ఇలాంటి పక్షుల కచ్చితమైన చోటు బయటకు చూపించరు. ఇక్కడ కూడా ఎవరూ పెట్టకండి, మోడరేటర్ గారూ గమనించగలరు.

ప్రకాశం_బ్యారేజి_క్లిక్స్ · నవంబర్ 18, రాత్రి 9:40

మేడమ్, ఫొటోగ్రాఫర్‌లు లేకపోతే ఆ పక్షి ఉందనే జనానికి తెలియదు. అందర్నీ ఒకే గాటన కట్టకండి. నేను పక్షికి ఎర పెట్టే రకం కాదు, పక్షి అరుపుల రికార్డింగ్ ప్లే చేసి పిలిచే రకం కాదు.

తెనాలి_తీతువు · నవంబర్ 18, రాత్రి 9:58

మీరు అలాంటివారని నేను అనలేదు. మీ తర్వాత వచ్చే పదిమంది ఎలాంటివారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఫొటో పోస్ట్ చేసిన మర్నాడే ఆ చోటికి బండ్లు బయల్దేరతాయి. అందుకే అడ్డం పడుతున్నాను.

మోడరేటర్ · నవంబర్ 18, రాత్రి 10:15

బట్టమేక, లెస్సర్ ఫ్లోరికన్, గూళ్లు, పగటిపూట గుడ్లగూబ నిద్రపోయే పొదలు: వీటి లొకేషన్‌లు ఈ వేదికలో పెట్టకూడదు. చర్చ కొనసాగించండి.

బ్రాడీపేట_4బై7 · నవంబర్ 19, ఉదయం 11:02

ప్రయాణం గురించి. విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి నేరుగా అహ్మదాబాద్. గుంటూరువాళ్లం కూడా విజయవాడ వచ్చి ఎక్కొచ్చు. ఫ్లైట్ అయితే హైదరాబాద్ వెళ్లాలి, దాని ఖర్చుతో ఒక పూట జీపు వస్తుంది. జీపు అద్దె బండికి లెక్క, మనిషికి కాదు కాబట్టి బండి నిండా వెళ్లడమే మేలు.

అసలు సంక్రాంతికి మాత్రం వెళ్లొద్దు. జనవరి 14, 15 తేదీల్లో అహ్మదాబాద్ అంతా ఉత్తరాయణ్ గాలిపటాలు. హోటళ్లు దొరకవు. ఆ మాంజా తెగి చెట్లకు, తీగలకు చుట్టుకుని ఎన్ని పక్షుల రెక్కలు కోస్తుందో చెప్పలేం. గాయపడినవాటి కోసం అక్కడి ప్రభుత్వం ఏటా కరుణా అభియాన్ పేరుతో చికిత్స శిబిరాలు పెడుతుంది. పొద్దున, సాయంత్రం పక్షులు ఎగిరే వేళల్లో గాలిపటాలు ఎగరేయొద్దని కూడా చెప్తారు. పండగ అయ్యాక వారానికి వెళ్లండి. కచ్‌లో అయితే ధోర్డో దగ్గర రణ్ ఉత్సవ్ జరిగినన్నాళ్లూ, ముఖ్యంగా పున్నమికి, గది ధరలు ఆకాశంలో ఉంటాయి. వైట్ రణ్‌కు భిరండియారా దగ్గర పర్మిట్ తీసుకోవాలి, ఐడీ కార్డు మర్చిపోవద్దు.

బెంజ్‌సర్కిల్_బైనాక్ · నవంబర్ 19, రాత్రి 9:17

చాలా థాంక్స్ అండి. సంక్రాంతి ఇంట్లోనే, జనవరి మూడో వారం తర్వాత ప్రయాణం. తీతువు మేడమ్ చెప్పిన చిన్న చుట్టే. పాప స్కూల్‌కు సెలవు చీటీ నేనే రాస్తాను. చలి ఎంత ఉంటుంది? బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది) సరిపోతుందా, 10x42 కొనాలా?

తెనాలి_తీతువు · నవంబర్ 20, ఉదయం 6:45

8x42 చాలు. కదిలే జీపులో 10x పట్టుకుంటే పక్షికన్నా మీ చెయ్యి వణకడమే ఎక్కువ కనిపిస్తుంది. పాపకు మాత్రం చిన్నది, తేలికైనది వేరే ఇవ్వండి. మీది అడిగి అడిగి అలసిపోతుంది.

విజయవాడ చలి లెక్క అక్కడ పనికిరాదు. తెల్లవారుజామున టాపు లేని జీపులో గాలి కోస్తుంది. మంకీ క్యాప్, గ్లవ్స్, రెండు స్వెటర్లు. పదిన్నరకల్లా అన్నీ విప్పేస్తారు. ఆ టైమ్ దాటితే నేల నుంచి లేచే వేడికి ఎండమావులు మొదలవుతాయి, ఎంత పెద్ద లెన్స్ అయినా పక్షి నీళ్లలో ఊగినట్టే వస్తుంది. రణ్‌లో దుమ్ము ఉప్పుతో కలిసినది, జీపులో లెన్స్ మార్చవద్దు.

ఇంకోటి, ఆ ప్రాంతం మనకు బాగా పడమర. జనవరిలో విజయవాడలో ఆరు నలభైకి సూర్యుడొస్తే అక్కడ ఏడుంబావు దాటుతుంది. ఐదింటికే లేచి చీకట్లో కూర్చోకండి. సాయంత్రం మాత్రం మనకన్నా ఇరవై నిమిషాల పైనే ఎక్కువ వెలుగుంటుంది, హారియర్‌లకు అది కలిసొస్తుంది.

మిర్చియార్డ్_గుంటూరు · నవంబర్ 20, ఉదయం 9:00

అక్కడ పప్పులో బెల్లం వేస్తారు. కారప్పొడి, గోంగూర సీసా పెట్టుకెళ్లండి. ఇది పక్షుల సలహా కాదు, ప్రాణరక్షణ సలహా.

ప్రకాశం_బ్యారేజి_క్లిక్స్ · డిసెంబర్ 8, రాత్రి 10:30

నేను కచ్ వెళ్లొచ్చాను. నలియా వెళ్లలేదు, మేడమ్ గెలిచారు. భుజ్‌లో దిగి బన్ని, ఛారీ ఢంఢ్ చిత్తడి నేల చూశాను. ఫులాయ్ ఊరి దగ్గర పీలు చెట్ల పండ్లు తినే గ్రే హైపోకోలియస్ దొరికింది. ఇరాక్, ఇరాన్ వైపు నుంచి వచ్చే పక్షి, మన దేశంలో ఏటా నమ్మకంగా కనిపించే చోటు అదే. సాయంత్రం ఛారీ ఢంఢ్‌లో క్రేన్‌ల గుంపులు దిగుతుంటే కెమెరా పక్కన పెట్టి చూశాను, అది నా చరిత్రలో అరుదు.

బన్నిలో ఒక విషయం బాధగా అనిపించింది. ఆ గడ్డి మైదానంలో చాలా భాగం సర్కారు తుమ్మే. రణ్ ఉప్పు ముందుకు రాకుండా ఆపాలని 1960ల్లో నాటారట. ఇప్పుడు అదే గడ్డిని మింగేసింది.

మిర్చియార్డ్_గుంటూరు · డిసెంబర్ 9, ఉదయం 8:12

మన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు గూళ్లు పెట్టేది కూడా ఆ తుమ్మ చెట్ల మీదే కదా తమ్ముడూ. అక్కడ కొట్టేయాలంటున్నారు, ఇక్కడ కొడితే ఊరు ఊరుకోదు.

కైకలూరు_గట్టు · డిసెంబర్ 9, ఉదయం 8:40

గూడు కావాల్సిన పక్షికి చెట్టు, గడ్డి కావాల్సిన పక్షికి గడ్డి. బన్నిలో చెట్టు నాటినవాళ్లు అది ఎవరి ఇల్లో అడగలేదు. గడ్డి నేలలన్నీ రికార్డుల్లో వేస్ట్‌ల్యాండ్ అని రాసుకుంటే ఇలాగే అవుతుంది. సోలార్ ప్లాంట్‌కు చోటు కావాలన్నా ముందు చూపు వెళ్లేది అక్కడికే.

బెంజ్‌సర్కిల్_బైనాక్ · ఫిబ్రవరి 2, రాత్రి 9:55

వచ్చేశాం! ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

లిటిల్ రణ్: మొదటి పూట ఏమీ కనిపించలేదు అనిపించింది. డ్రైవర్ భాయ్ మాత్రం స్టీరింగ్ మీద చేయి పెట్టి, అదిగో హౌబారా అంటాడు. మాకు మట్టి తప్ప ఏమీ కనపడదు. ఆ మట్టి రెండడుగులు నడిచాక తెలిసింది. ఇంకా దగ్గరికి వెళ్దామంటే బండి ఆపేశాడు. ఇప్పుడు అది తింటోంది, ఇంకాస్త వెళ్తే ఎగిరిపోతుంది, ఈ పూటంతా మళ్లీ దిగదు అన్నాడు. మాట వింటే అరగంట చూశాం. ఉప్పు పండించే అగరియాల మడులకూ తీసుకెళ్లాడు. అక్కడ వాడేది సముద్రపు నీళ్లు కాదు, భూమిలోంచి తోడిన ఉప్పునీళ్లు. కుటుంబాలన్నీ చలికాలమంతా ఆ ఎడారిలోనే గుడిసెలు వేసుకుని ఉంటాయి. పాపకు గాడిదలకన్నా అక్కడి పిల్లలే ఎక్కువ నచ్చారు.

నల్ సరోవర్: గట్టు గారు చెప్పినట్టే తెల్లారేసరికి పడవలో ఉన్నాం. మొదటి గంట అద్భుతం. తర్వాత పక్క పడవలవాళ్లు గల్ పక్షులకు గాఠియాలు విసరడం మొదలుపెట్టారు. వందల పక్షులు తల మీద అరుస్తుంటే సెల్ఫీలు. సైబీరియా నుంచి వచ్చి శనగపిండి తింటున్నాయి పాపం. మా పడవ తాతను దూరంగా తీసుకెళ్లమంటే ఆయనకే సంతోషమైంది. ఊళ్లల్లో కరెంటు తీగలకు మాంజా ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి.

వేలావదర్ గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. పొద్దు వాలుతుండగా మొదట రెండు హారియర్‌లు గడ్డి మీద తేలుతూ వచ్చాయి. మేం వాటినే చూస్తుంటే పాప వెనక్కి తిరిగి, నాన్నా అటు చూడు అంది. అటూ ఉన్నాయి. ఇటూ ఉన్నాయి. ఎటు తిరిగినా నేలకు కాస్త పైన రెక్కలు V ఆకారంలో ఎత్తి తేలుతున్నాయి. దిగుతాయి, నచ్చదు, లేస్తాయి, మళ్లీ ఇంకోచోట దిగుతాయి. ఒకటి దిగిన చోటే ఇంకోటి దిగబోతే మొదటిది లేచి గొడవ. మా ఆవిడ లెక్క మొదలుపెట్టి మధ్యలో మానేసింది. ఒక తోడేలు గడ్డి అంచున నడుచుకుంటూ పోయింది, దాన్ని ఎవరూ సరిగా పట్టించుకోలేదు. గేటు మూసే టైమ్ అయిందని గార్డు పిలిచేదాకా కదల్లేదు. మర్నాడు ప్లాన్ మార్చి మళ్లీ అక్కడే సాయంత్రం.

గోంగూర సీసా రెండో రోజుకే ఖాళీ.

నల్లరేగడి · ఫిబ్రవరి 3, ఉదయం 7:05

మా నాన్నకు చదివి వినిపించాను. ఈసారి శనగ చేలో అది తిరుగుతుంటే రాయి విసరనన్నారు. కోడిపిల్లలను ఎత్తుకుపోతుందని ఇన్నాళ్లూ కోపం.

బ్రాడీపేట_4బై7 · ఫిబ్రవరి 3, ఉదయం 10:20

అంత దూరం వెళ్లకుండానే హారియర్‌లను చూడాలంటే రోళ్లపాడు ఉంది కదండీ, నంద్యాల జిల్లాలో. బట్టమేక కోసం 1988లో అభయారణ్యం చేశారు. 1980ల్లో బీఎన్‌హెచ్ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) వాళ్లు బట్టమేక మీద పని చేసింది అక్కడే. ఆ పక్షి అక్కడ కనపడక ఏళ్లయింది, కానీ చలికాలం పిల్లిగద్దలు ఆ గడ్డిలో పడుకుంటాయి. వేలావదర్ అంత పెద్ద గుంపు ఆశించకండి.

బెంజ్‌సర్కిల్_బైనాక్ · ఫిబ్రవరి 3, రాత్రి 9:30

ఇప్పుడు వెళ్తే ఇంకా ఉంటాయా?

తెనాలి_తీతువు · ఫిబ్రవరి 3, రాత్రి 9:44

ఫిబ్రవరి అయితే ఉంటాయి. మార్చి దాటనివ్వకండి, ఎండలు ముదిరేకొద్దీ ఉత్తరానికి బయల్దేరతాయి. గుంటూరు నుంచి నంద్యాలకు రైలుంది, నల్లమల మీదుగా వెళ్తుంది. కాబట్టి కిటికీ సీటు పాపకు ఇవ్వండి. సాయంత్రం నాలుగుకల్లా రోళ్లపాడులో ఉండేలా చూసుకోండి, మధ్యాహ్నం వెళ్లి లాభం లేదు.

మిర్చియార్డ్_గుంటూరు · ఫిబ్రవరి 3, రాత్రి 10:02

ఇన్నాళ్లకు నా దారిలోకి వచ్చారు. నేనూ వస్తాను. నంద్యాల నుంచి జీపు నేను మాట్లాడతా, టికెట్లు బైనాక్ అన్న చూసుకోవాలి. నల్లరేగడి తమ్ముడూ, మీ నాన్నగారిని తీసుకొస్తావా? సీటు ఉంచమంటే రేపటిలోగా చెప్పు.